వెలుతురుకి అడ్డం

మా అమ్మ జ్ఞాపకార్థ కూడికలో వేదిక మీద పెట్టిన ఫోటో ఆధార్ కార్డులోది. అది ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఈ దేశంలో ఆధార్ కార్డులో బాగున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. అమ్మ కళ్ళు సగం మూసుకుని, మూతి బిగించి, ఏదో తప్పు చేసి దొరికిపోయిన మనిషిలా ఉంది. దాన్ని నాలుగడుగుల ఫ్లెక్సీకి సాగదీసేసరికి ముక్కెక్కడో మూతెక్కడో తెలియకుండా పోయింది. చుట్టూ ఊదారంగు పూలు, పైన తెల్ల పావురం, కింద అమ్మ పేరు. పేరు చదివాక గానీ అది అమ్మేనని కొందరు పోల్చుకోలేదు.

వెనక బెంచీలో ఎవరో అన్నారు, "కూతురు గిన్నెలకీ చెంబులకీ ఫోటోలు తీస్తదంట కదా, తల్లిది ఒక్కటి లేదా?" అని. గొంతు తగ్గించే అన్నారు. కానీ అప్పుడు అందరం తలలు వంచి ప్రార్థనలో ఉన్నాం కాబట్టి స్పష్టంగా వినిపించింది. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ క్షణంలో కూడా వచ్చింది. కానీ ఆవిడన్నది నిజం.

నా ఫోన్లోనూ కంప్యూటర్లోనూ కలిపి వేల ఫోటోలున్నాయి. కుక్కరు మూత, పప్పుగుత్తి, బట్టల క్లిప్పులు, కూలరు గడ్డి, హీటరు ఎర్రకడ్డీలు, బాల్కనీకి కట్టిన పావురాల వల. మా ఇంట్లో ఫోటో తీయించుకోని వస్తువు లేదు. ఆ వస్తువులన్నిటినీ కొని, కడిగి, తుడిచి, వాడిన మనిషి మొహం మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు.

ఈ పిచ్చి లాక్‌డౌన్‌లో మొదలైంది. నాది గురుగ్రామ్‌లో ఆఫీసు ఉద్యోగం. అంతకుముందు ఢిల్లీకి ఇవతలున్న మా ఘాజియాబాద్ నుంచి పొద్దున్నే క్యాబ్ ఎక్కి, చీకటి పడ్డాక దిగేదాన్ని. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుంటుందో కూడా నాకు తెలియదు. అమ్మ నర్సుగా రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో కొన్న ఫ్లాటు మాది, పదకొండో అంతస్తు. లాక్‌డౌన్‌లో కిటికీలోంచి చూస్తే ఎదురు టవర్లు తప్ప ఇంకేమీ లేవు. ఒక రోజు మీటింగు వింటూ, అంటే వింటున్నట్టు నటిస్తూ, వంటింటి వైపు చూశాను. కుక్కరు మూత రబ్బరు మేకుకి వేలాడుతోంది. దాని నీడ గోడ మీద పడి, అసలు రబ్బరు కంటే అందంగా ఉంది. ఫోన్ తీసి ఫోటో కొట్టాను. ఆ తర్వాత ఇంట్లో ప్రతిదాన్నీ అలాగే చూడ్డం మొదలుపెట్టాను.

అమ్మకి మొదట్లో ఇది నవ్వులాటగా ఉండేది. నేను గట్టు మీద గరిటె పెట్టి, ఒక కన్ను మూసి, అటూ ఇటూ వంగి చూస్తుంటే చీరకొంగు నడుంలో దోపుకుని నిలబడి చూసేది.

"పెళ్ళిచూపుల్లో మీ నాన్న కూడా నన్ను ఇంతసేపు చూడలేదే," అంది ఒకసారి.

నాన్న నాకు ఊహ తెలియక ముందే పోయారు. ఆయన మాట అమ్మ ఇలా సరదాకి తప్ప తెచ్చేది కాదు. నేను నవ్వాను. ఫోన్ చేతిలోనే ఉంది. ఆ నవ్వే మొహం రెండడుగుల దూరంలో ఉంది. నేను మళ్ళీ గరిటె వైపు తిరిగాను.

వస్తువుల్ని అలా చూడటం నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే, ఆన్‌లైన్‌లో ఏదో క్లాసు చేశానని చెప్పేదాన్ని. అబద్ధం కాదు, చేశాను. కానీ ఆ చూపు నాకు అబ్బింది అంతకు చాలా ముందు, హాస్పిటల్ క్వార్టర్స్‌లో, అమ్మ దగ్గర.

అమ్మ కృష్ణా డెల్టాలో నర్సింగు చదివి ఢిల్లీ వచ్చింది. వార్డులో ఎవరైనా పోతే, వాళ్ళ మంచం పక్క బల్ల మీది సామాన్లు లెక్కచూసి, కాగితం మీద రాసి, ఇంటివాళ్ళకి అప్పగించే పని నర్సుది. చాలామంది ఆ పని గబగబా కానిచ్చేసేవారట. అమ్మ మాత్రం ఒక్కొక్క వస్తువునీ చూసేది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ నాకు చెప్పేది. ఈ రోజు పోయిన ముసలాయన కళ్ళజోడుకి ఒక పక్క దారం కట్టి ఉందనీ, నిన్నటి ఆవిడ పర్సులో ఎండిపోయిన కరివేపాకు రెబ్బ ఉందనీ. పేర్లు చెప్పేది కాదు, జబ్బులు చెప్పేది కాదు. సామాన్లే చెప్పేది. వాటిని బట్టి ఆ మనుషులు ఎలాంటివాళ్ళో నేను ఊహించుకునేదాన్ని.

ఒక దువ్వెన సంగతి చాలాసార్లు చెప్పింది. అమ్మ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకావిడ పోతే, ఆవిడ దువ్వెన మురికిగా ఉందని సబ్బుతో రుద్ది కడిగి, పొడిగా తుడిచి, మిగతా సామాన్లతో పెట్టింది. మంచిపనే చేశాననుకుంది. కూతురు వచ్చి అన్నీ తీసుకుని, దువ్వెన ముక్కు దగ్గర పెట్టుకుని, దీన్ని ఎవరు కడిగారని అడిగిందట. ఆ పళ్ళలో వాళ్ళమ్మ వెంట్రుకలుండేవి, నూనె వాసన ఉండేది. ఆ పిల్ల అక్కడే కింద కూర్చుని ఏడ్చిందట. ఆ రోజు నుంచి అమ్మ ఏ సామానునీ తుడవలేదు. ఎలా ఉన్నది అలాగే కవర్లో పెట్టేది. కొత్తగా చేరిన నర్సులకి కూడా అదే చెప్పేది.

ఇంట్లో కూడా అమ్మకి దేన్నీ చెరిపే అలవాటు ఉండేది కాదు. ఫోన్ నిండిపోయిందని మెసేజి వచ్చినా ఒక్క గుడ్ మార్నింగ్ బొమ్మ కూడా తీసేది కాదు. నేను పూర్తిగా వ్యతిరేకం. క్లాసులో చెప్పారు కదా, నలభై తీసి ఒక్కటి ఉంచుకోవాలని, మిగతావాటి మీద జాలి పడకూడదని. నేను జాలి పడలేదు. వారం వారం కూర్చుని తీసేసేదాన్ని. నెలకోసారి వాట్సాప్ కూడా ఖాళీ చేసేదాన్ని. ఫోన్ తేలికగా ఉంటే నా తల కూడా తేలికగా ఉన్నట్టుండేది.

ఫోటోలు ఎంచే పనిలో అమ్మే నాకు తోడు. తీసినవాటిలో నాలుగు తేల్చి వాట్సాప్‌లో పంపేదాన్ని. నేను హాల్లో, తను వంటింట్లో. కళ్ళజోడు పైకి తోసుకుని చూసి, రెండోది, మూడోది అని అక్కణ్ణుంచే అరిచేది, లేకపోతే టైపు చేసేది. చాలాసార్లు అమ్మ చెప్పిందే సరైనదయ్యేది. ఆ మాట అమ్మతో ఎప్పుడూ ఒప్పుకోలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా.

చలికాలంలో మా ఇంట్లోకి ఎండ రావడమే గొప్ప. ఎదురు టవరుకీ పక్క టవరుకీ మధ్య సందు ఉంది. డిసెంబరు, జనవరుల్లో పొగ పలచబడ్డ రోజు, పదకొండు దాటాక సూర్యుడు ఆ సందులోకి వస్తాడు. అరగంట, మహా అయితే నలభై నిమిషాలు. వంటింటి గోడ మీద, గట్టు మీద పసుపు వెలుతురు పడుతుంది. సెలవు రోజైతే నేను పది గంటల నుంచే సిద్ధంగా ఉండేదాన్ని. సరిగ్గా అప్పుడే అమ్మకి వంటింట్లో పని. అన్నం వండాలి, పోపు వేయాలి, ఆదివారం అయితే చర్చి నుంచి వచ్చి టీ పెట్టాలి. నాకు ఒళ్ళు మండేది.

"అమ్మా, థోడా సైడ్. లైట్‌కి అడ్డం వస్తున్నావ్."

ఈ ముక్క నేనెన్నిసార్లు అన్నానో దేవుడికే తెలియాలి. అమ్మ వెంటనే జరిగేది. పోపు మాడుతున్నా జరిగేది. ఒక్కోసారి ఎటు జరగాలో తెలియక ఫ్రిజ్ పక్కన గోడకి ఆనుకుని, శ్వాస కూడా బిగపట్టి నిలబడేది. అయిపోయిందా అని అడిగి గానీ స్టవ్ దగ్గరికి వచ్చేది కాదు.

చిల్లుల గిన్నె ఫోటో ఆ చలికాలాల్లో ఒకదాంట్లోది. బియ్యం కడిగి వంచే గిన్నె. పాతది, అంచు ఒకచోట సొట్టపోయింది. దాన్ని ఎండకి ఎత్తి పట్టుకుంటే చిల్లుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా గోడ మీద పడుతుందని అమ్మే కనిపెట్టింది. గిన్నె కడిగి నీళ్ళు దులుపుతుంటే పడ్డాయట. "ఒసేయ్, ఇలా రా, చూడు," అని పిలిచింది. నేను ఫోన్ తీసుకుని పరిగెత్తాను. గిన్నెని ఎత్తి పట్టుకోమన్నాను. అమ్మ పట్టుకుంది. మొదటి ఫోటో తీసేసరికి చుక్కలు గోడ మీద కాక అమ్మ మొహం మీద పడుతున్నాయి. థోడా సైడ్ అన్నాను. అమ్మ చెయ్యి అక్కడే ఉంచి, మిగతా మనిషి మొత్తం పక్కకి ఒరిగింది. చెయ్యి నొప్పి పుడుతోందని చెప్పలేదు. మిగతా మూడు ఫోటోల్లో గోడ మీద చుక్కలు చక్కగా పడ్డాయి.

నాలుగూ అమ్మకి పంపాను. మొదటిది అని టైపు చేసింది.

"మొదటిదాంట్లో నువ్వు అడ్డం వచ్చావమ్మా."

"అచ్ఛా," అంది. ఇంకోసారి చూసి, "అయితే మూడోది," అంది.

మూడోదాన్ని ఉంచి, దాని అంచున కనిపిస్తున్న అమ్మ వేళ్ళు కూడా కత్తిరించి, మిగతావి తీసేశాను.

ఆ ఫోటో చాలామందికి నచ్చింది. ఢిల్లీ వసంత్ కుంజ్‌లో యూనివర్సిటీ పిల్లలు వచ్చిపోయే ఒక చిన్న కెఫేలో, మాలాంటి పిచ్చివాళ్ళం నలుగురం కలిసి గోడ మీద ఫోటోలు పెట్టుకున్నాం. నావి పన్నెండు. చిల్లుల గిన్నె మధ్యలో ఉంది. అమ్మ పట్టుచీర కట్టుకుని, చర్చికి వేసుకునే చెప్పులు వేసుకుని, రెండు మెట్రోలు మారి వచ్చింది. మిగతా పదకొండింటినీ ఒకసారి చూసి, గిన్నె ఫోటో పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఎవరు దాని ముందు ఆగినా, "యే మేరా హై," అని చెప్పేది. పిల్లలు ఫోటో ఆవిడదే అనుకుని, ఆంటీ చాలా బాగా తీశారని మెచ్చుకునేవారు. అమ్మ కంగారుపడి, ఫోటో కాదు, గిన్నె నాది అని వివరించేది. నాకు సిగ్గేసింది. దగ్గరికెళ్ళి, నువ్వు కాసేపు లోపల కూర్చో అమ్మా అన్నాను. కుర్చీ ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. ఆ రోజు నేను తీసిన ఫోటోల్లో కూడా గోడలూ ఫ్రేములే ఉన్నాయి.

తర్వాతి చలికాలంలో అమ్మకి నిమ్ము చేసింది. ఆ నెలలో ఊరంతా పొగే, ఇంట్లో కూర్చున్నా గొంతు మండేది. దగ్గు తగ్గకపోతే హాస్పిటల్లో చేర్చాను. తనకి తెలిసిపోయిందనుకుంటాను. నలభై ఏళ్ళు అలాంటి మంచాల పక్కన నిలబడ్డ మనిషికి చార్టు చూడకుండానే తెలుస్తుంది. నాతో మాత్రం ఇంటికెళ్ళి పప్పు వండుకోమనీ, బయటి తిండి తినొద్దనీ చెప్పేది.

నాలుగో రోజనుకుంటాను. మధ్యాహ్నం కిటికీలోంచి కాస్త ఎండ వచ్చి బల్ల మీది స్టీలు గ్లాసు మీద పడింది. ఇంటి నుంచి తెచ్చుకున్న గ్లాసు. అందులో నీళ్ళు కదిలి దుప్పటి మీద వెలుతురు వణుకుతోంది. నేను అనాలోచితంగా ఫోన్ పైకెత్తాను. అమ్మ చెయ్యి గ్లాసు పక్కనే ఉంది, సూది గుచ్చి టేపు వేసిన చెయ్యి. నేనేమీ అనలేదు. నా చేతిలో ఫోన్ చూసి, అలవాటుకొద్దీ, ఆ చేతిని నెమ్మదిగా పక్కకి తీసుకుంది. ట్యూబు లాగినట్టయి మొహం చిట్లించింది. అయినా తీసుకుంది.

ఆ ఫోటో తీశానా లేదా అని అడగొద్దు. తీశాను.

ఎనిమిదో రోజు పొద్దున అమ్మ పోయింది. డ్యూటీలో ఉన్న సిస్టర్ ఒక తెల్ల కవరూ, ఒక కాగితమూ తెచ్చి సంతకం పెట్టమంది. కాగితం మీద రాసి ఉంది: కళ్ళజోడు, ఫోన్, బైబిలు, స్టీలు గ్లాసు, దువ్వెన, చెప్పులు. అమ్మ జీవితమంతా రాసిన కాగితం అది, ఈసారి వేరే చేతిరాతలో. సంతకం పెట్టి కవరు తెచ్చి, ఇంట్లో బీరువా కింది అరలో, చీరల వెనక పెట్టాను. విప్పలేదు.

సమాధికి ముందు పెట్టె తెరిచి ఉంచి, ఇంటివాళ్ళు చుట్టూ నిలబడి ఫోటో తీయించుకోవడం మావాళ్ళలో ఉన్నదే. అమ్మతో ముప్పై ఏళ్ళు ఒకే హాస్పిటల్లో పనిచేసిన ఆంటీ ఒకావిడ మా చర్చిలోనే ఉంది. నా భుజం మీద చెయ్యి వేసి, "ఒక్క ఫోటో తీసుకో నాన్నా. తర్వాత కావాలన్నా రాదు," అంది. పోయిన మనిషికి ఫోటోలేంటని విసుక్కున్నాను. నా బ్యాగులో ఫోన్ ఉంది. పక్కింటివాళ్ళు, చర్చివాళ్ళు తలొకటి తీసుకున్నారు గానీ అవి చూసే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

తర్వాత ఆంటీయే ఫోన్ చేసింది, కూడికకి కార్డు వేయించాలి, ఫ్లెక్సీ కొట్టించాలి, అమ్మది మంచి ఫోటో ఒకటి పంపమని. పంపుతానన్నాను. ఎందుకు ఉండదు అనుకున్నాను. రెండు రోజులు వెతికాను. పాత ఆల్బంలో పెళ్ళినాటి అమ్మ ఉంది, జడగంటలతో, ఇరవై రెండేళ్ళ పిల్ల. ఆ మొహం ఇక్కడ ఎవరికీ తెలియదు. చర్చి గుంపు ఫోటోల్లో చూశాను. ఒకదాంట్లో అమ్మ పాస్టరమ్మ గారి వెనక సగం, ఒకదాంట్లో బిర్యానీ వడ్డిస్తూ తల వంచుకుని, కొన్నిటిలో మాస్కుతో. ఆంటీల ఫోన్లూ వెతికించాను. ఎక్కడ ఫోటో తీస్తున్నా, ఇలా ఇవ్వండి నేను తీస్తాను అని ఫోన్ అందుకునే మనిషి అమ్మ. వార్డులో పుట్టిన పిల్లలతో తల్లులకి ఫోటోలు తీసి తీసి, తన చోటు ఫోన్‌కి ఇవతలే అని ఖాయం చేసుకుంది.

ఆంటీ అడిగింది, "మీ అమ్మ ఫోన్లో ఏమన్నా ఉంటయ్యేమో చూడరాదూ?"

"ఫోన్ పాడైపోయింది ఆంటీ, ఆన్ కావట్లేదు," అన్నాను.

అబద్ధం. ఫోన్ కవర్లో ఉంది, కవరు బీరువాలో ఉంది. బీరువా తలుపు తీసి చీరలు జరిపితే చాలు. నేను జరపలేదు. ఆ కవరు విప్పితే అమ్మ నిజంగా వార్డులో పోయిన మనుషుల్లో ఒకతె అయిపోతుందనిపించింది. ఇంకో భయం కూడా ఉంది, చెబితే నవ్వుతారు. ఆ సిస్టర్ మంచితనం కొద్దీ అన్నీ శుభ్రంగా తుడిచేసి ఉంటుందేమోనని. విప్పనంతకాలం తుడవలేదనే అనుకోవచ్చు. ఆధార్ కార్డు స్కాన్ చేసి ఆంటీకి పంపాను.

పదకొండు నెలలు ఆ కవరు అక్కడే ఉంది. ఆ పదకొండు నెలలూ నేను ఒక్క ఫోటో తీయలేదు. గోడ మీద మంచి నీడ కనిపిస్తే మొహం తిప్పుకునేదాన్ని. వంట నేర్చుకున్నాను, అంటే అన్నం, పప్పు, గుడ్డు. వంటిల్లు నా చేతికి వచ్చాక తెలిసింది, ఆ ఇరుకులో స్టవ్‌కీ కిటికీకీ మధ్య నిలబడకుండా ఏ పనీ చేయలేం. అడ్డం రాకుండా వండాలంటే కుదరదు.

మళ్ళీ చలికాలం వచ్చింది. సంవత్సరం కూడిక దగ్గర పడుతోందనీ, ఈసారైనా మంచి ఫోటో చూడమనీ ఆంటీ మెసేజి పెట్టింది.  ఆంటీకి ఎదురుపడలేక ఆ ఆదివారం చర్చికి వెళ్ళలేదు. పదకొండు దాటాక బియ్యం కడిగి, చిల్లుల గిన్నెలో వంచి, కుక్కర్లో వేసి, ఖాళీ గిన్నెని నీళ్ళు దులపడానికి పైకెత్తాను. సందులోంచి ఎండ వచ్చింది. నా ముంజేతి మీద చుక్కలు పడ్డాయి, మెడ మీద పడ్డాయి. వెచ్చగా ఉన్నాయి. అమ్మ మొహం మీద కూడా ఇవే పడ్డాయి కదా, మొదటి ఫోటోలో, అనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. నేను తీసేశాను. అమ్మ తీసేయలేదు.

గిన్నె సింకులో పెట్టేసి బీరువా దగ్గరికెళ్ళాను. తడి చేతులు నైటీకి తుడుచుకుని కవరు విప్పాను. సిస్టర్ ఏమీ తుడవలేదు. కళ్ళజోడు కుడి అద్దం మీద బొటనవేలి ముద్ర అలాగే ఉంది. గ్లాసు అడుగున నీళ్ళు ఎండిన తెల్లటి వలయం. దువ్వెన పళ్ళలో మూడు తెల్ల వెంట్రుకలున్నాయి. ఆ సిస్టర్ బహుశా మా అమ్మ దగ్గర నేర్చుకున్న వాళ్ళ దగ్గరే ఎక్కడో నేర్చుకుని ఉంటుంది. దువ్వెన ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కొబ్బరినూనె. అక్కడే కింద కూర్చుండిపోయాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు, అన్నం సంగతి మరిచిపోయాను.

ఫోన్ చార్జింగ్ పెడితే కాసేపటికి వెలిగింది. అమ్మ లాక్ పెట్టుకునేది కాదు. నా పేరు మీద నొక్కి పైకి పోనిచ్చాను. నేను పంపినవన్నీ ఉన్నాయి. ప్రతి నాలుగింట్లోనూ నేను తీసేసినవి మూడు. అమ్మ మోచెయ్యి, చీర కుచ్చిళ్ళు, స్టవ్ తిప్పుతున్న వేళ్ళు, పక్కకి తప్పుకుంటున్న భుజం. ఎప్పుడూ ఎటో జరుగుతూనే ఉంది. ఇంకా పైకి వెళ్ళాను. చిల్లుల గిన్నె వచ్చింది.

మొదటిది. ముందు గిన్నె, దాని సొట్టపోయిన అంచు, పట్టుకున్న చెయ్యి. వెనక అమ్మ మొహం, పూర్తిగా. నేను గిన్నె మీద ఫోకస్ పెట్టాను కాబట్టి మొహం కొంచెం అలుక్కుపోయింది. చెంపల మీద, నుదుటి మీద, కళ్ళజోడు మీద వెలుతురు చుక్కలు. కళ్ళలో ఎండ పడి ఒక కన్ను చికిలించి నవ్వుతోంది. గిన్నె వైపు చూడట్లేదు, వెలుతురు వైపు చూడట్లేదు. నా వైపు చూస్తోంది. ఇది బాగా వస్తోందా అని అడుగుతున్నట్టుంది. ఇన్నేళ్ళలో నేను తీసినవాటిలో ఇంత మంచి ఫోటో ఇంకొకటి లేదు. ఇది నా చేతిలోకొస్తే, వెలుతురుకి అడ్డమని పారేశాను. కింద అమ్మ టైపు చేసిన మాట ఉంది, మొదటిది అని. దాని కింద నా జవాబు ఉంది.

మర్నాడు సాయంత్రం మా సెక్టారు మార్కెట్లో ఫ్లెక్సీలు కొట్టే షాపుకి వెళ్ళాను. పోయినసారి ఆధార్ ఫోటో సాగదీసింది కూడా ఆయనే. ఫోటోని స్క్రీన్ మీద పెద్దది చేసి, కాసేపు అటూ ఇటూ జరిపి చూశాడు.

"మేడమ్, చెహరే కే సామ్‌నే బర్తన్ ఆ రహా హై," అన్నాడు. మొహానికి గిన్నె అడ్డం వస్తోందట. రెండు నిమిషాల్లో కోసేస్తాడట, మొహం ఒక్కటే ఉంచి వెనక నీలం రంగు వేస్తాడట. మౌస్ అప్పటికే గిన్నె అంచు మీదికి తెచ్చాడు.

"నహీఁ భయ్యా. దేన్నీ తీయొద్దు," అన్నాను, సగం తెలుగులోనే. అర్థమైనట్టుంది, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పూలు, పావురం కూడా వద్దన్నాను.

ఆయన ఇంకోసారి ఫోటో వైపు చూసి, బాగుంది మేడమ్, ఎవరు తీశారని అడిగాడు. నేనే తీశానని చెప్పడానికి నోరు రాలేదు. మా అమ్మ ఎంచిందని చెప్పాను.